మూలుగ కుదిరాక... మెదడు మాట వినాలి!

రక్తక్యాన్సర్‌ను గెలిచి, మూలుగ మార్పిడి పూర్తయి ఇంటికి చేరాక కూడా ఒక పరీక్ష మిగిలే ఉంటుంది. చెయ్యి వణకడం, చూపు మసకబారడం, మాట తడబడటం, పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తులేకపోవడం... అన్నీ చిన్నవిగానే కనిపిస్తాయి. కానీ అవి మెదడు పంపే కబుర్లు. వేళకు వింటే చాలావరకు చక్కదిద్దుకోవచ్చు. వినకపోతేనే ముప్పు!

మైపాడుకు దగ్గర్లో ఓ మత్స్యకారుల ఊరు. పొద్దున్నే పడవలు ఒడ్డుకు వచ్చేశాయి. సరుగుడు తోటల అవతల ఓ ఇంటి అరుగు మీద నలభై ఐదేళ్ల మనిషి కూర్చుని ఉన్నాడు. మూతికి మాస్కు. తలమీద అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు. తమ్ముడిచ్చిన మూలకణాలతో చెన్నైలో మూలుగ మార్పిడి జరిగింది. మూడు నెలలపాటు ఆసుపత్రి పక్కనే అద్దెగదిలో ఉండి, ఈమధ్యే ఊరికి వచ్చాడు.

భార్య కాఫీ గ్లాసు అందించింది. పట్టుకోగానే కాఫీ తొణికింది.

''ఏమయ్యా, చెయ్యి అట్టా వణకతా ఉండాదేంది?''

''నీరసంలే. రెండ్రోజులు పోతే అదే తగ్గిపోతాది.''

అంతకు నాలుగు రోజుల ముందే దగ్గు వస్తే, కొడుకు మందుల షాపులో అడిగి ఏవో మాత్రలు తెచ్చిచ్చాడు. మర్నాటికి తలనొప్పి మొదలైంది. ఆ మరుసటి రోజు సెల్‌ఫోన్లో అంకెలు కనిపించడంలేదన్నాడు. 'మందుల వేడి' అంది పక్కింటి పెద్దామె. 'గాలి సోకిందేమో' అన్నారు ఇంకెవరో. సాయంత్రానికి ఫిట్స్ వచ్చి పడిపోయాడు.

ఇది ఫలానా మనిషి కథ కాదు. మూలుగ మార్పిడి చేసే వైద్యులకు బాగా తెలిసిన పరిస్థితిని నెల్లూరు తీరంలోని ఓ ఇంట్లో ఊహించుకుంటే ఇలాగే ఉంటుంది. ఇందులో విషాదం ఫిట్స్ రావడం కాదు. అంతకు మూడు రోజుల ముందే మెదడు మూడుసార్లు చెప్పినా ఇంట్లో ఎవరికీ అర్థం కాకపోవడం!

విత్తనాలు మార్చే వ్యవసాయం

ఎముకల లోపల మెత్తగా ఉండే మూలుగే రక్తానికి పుట్టినిల్లు. అక్కడి మూలకణాల నుంచే ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పుడతాయి. లుకేమియా, లింఫోమా, మల్టిపుల్ మైలోమా లాంటి క్యాన్సర్లలో ఈ వ్యవస్థే చెడిపోతుంది. అప్పుడు పెద్ద మోతాదు మందులతో, కొన్నిసార్లు రేడియేషన్‌తో మూలుగను దాదాపు ఖాళీ చేసి, కొత్త మూలకణాలను సెలైన్‌లా రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అవి దారి వెతుక్కుంటూ ఎముకల్లోకి చేరి, రెండు మూడు వారాల్లో మొలకెత్తుతాయి. పాడైన పంటను తీసేసి, మడిని శుభ్రంచేసి, కొత్త విత్తనం చల్లడం లాంటిదన్నమాట.

ఎవరి కణాలు వారికే ముందుగా తీసి దాచి తిరిగి ఎక్కించడం ఒక పద్ధతి. మైలోమా, లింఫోమాల్లో ఎక్కువగా ఇదే. అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో, లేదా రిజిస్ట్రీలో దొరికిన దాతో ఇచ్చిన కణాలు ఎక్కించడం రెండోది. లుకేమియాల్లో ఎక్కువగా దీనికే వెళతారు. ఒక తల్లిదండ్రుల బిడ్డల్లో ఒకరి కణాలు మరొకరికి పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. సగం సరిపోయినా చేయగలిగే పద్ధతులు ఇప్పుడు వచ్చాయి. దాతల కోసం చెన్నైలో 2009లో మొదలైన 'దాత్రి' లాంటి రిజిస్ట్రీలూ ఉన్నాయి.

అమెరికా వైద్యుడు డొనాల్ థామస్ 1957లో మనుషులకు మూలుగ ఎక్కించిన ప్రయోగాలను ప్రచురించారు. అప్పట్లో రోగులెవరూ ఎక్కువకాలం బతకలేదు. ఆయన మాత్రం వదల్లేదు. 1990లో నోబెల్ బహుమతి అందుకునేనాటికి అది ప్రపంచమంతా చేసే చికిత్స అయింది. మనదేశంలో 1983లో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ సురేశ్ అద్వానీ బృందం తొలి విజయం సాధించింది. 1986లో వేలూరు సీఎంసీలో మొదలైంది. 2012 చివరికి ప్రపంచవ్యాప్తంగా జరిగిన మార్పిడుల సంఖ్య పది లక్షలు దాటింది.

నెల్లూరు తీరంవాళ్లకు పెద్ద జబ్బంటే చెన్నై, వేలూరు దారులు కొత్త కాదు. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటితే చెన్నై. నెల్లూరు నుంచి నూటడెబ్బై అయిదు కిలోమీటర్లు. చికిత్స కోసం వెళ్లినప్పుడు ఆ దూరం పెద్దగా అనిపించదు. తిరిగి వచ్చాక, అర్ధరాత్రి తలనొప్పి మొదలైతేనే అదెంత దూరమో తెలిసేది.

రక్తానికి చికిత్స... మెదడుకెందుకు సెగ?

జబ్బు మూలుగలో ఉంటే మెదడుకు ఇబ్బంది ఏమిటన్నది చాలామందికి వచ్చే సందేహం. కారణం ఒకటి కాదు. చికిత్స ఒక్కో దశలో ఒక్కో రకంగా నాడీవ్యవస్థను తాకుతుంది. సొంత కణాలు ఎక్కించుకున్నవారికన్నా దాత కణాలు తీసుకున్నవారిలో ఈ ఇబ్బందులు ఎక్కువ. ఎందుకంటే వాళ్లు వ్యాధినిరోధకశక్తిని అణచే మందుల్ని నెలల తరబడి వాడాలి.

మొదటిది మూలుగను ఖాళీచేసే దశ. ఇందులో వాడే బుసల్ఫాన్ అనే మందు రక్తం నుంచి మెదడులోకి తేలిగ్గా చేరుతుంది. ఫిట్స్ తెప్పించగలదు. అందుకే ఆ మందు మొదలవకముందే ఫిట్స్ రాకుండా మాత్రలు ఇస్తారు. 'మావాడికి ఫిట్సే లేవు, ఈ మాత్రలెందుకు?' అని బంధువులు కంగారుపడుతుంటారు. అది జబ్బుకు ఇచ్చిన మందు కాదు, ముందుజాగ్రత్త.

రెండోది కణాలు అడుగంటిన దశ. పాత మూలుగ పోయింది, కొత్తది ఇంకా మొలకెత్తలేదు. ప్లేట్‌లెట్లు తక్కువ కాబట్టి చిన్న దెబ్బకే మెదడులో రక్తం చిమ్మొచ్చు. తెల్లకణాలు లేవు కాబట్టి బూజు జాతి సూక్ష్మజీవులు ఊపిరితిత్తుల్లో చేరి అక్కణ్నుంచి మెదడుకు పాకొచ్చు. నోరంతా పుండ్లై వారాలపాటు ముద్ద దిగని వాళ్లలో బి1 విటమిన్ తరిగిపోయి చూపు చెదరడం, నడక తూలడం, తికమక పడటం కనిపించొచ్చు. వేళకు గుర్తిస్తే బి1 ఇంజెక్షన్లతో దాన్ని అడ్డుకోవచ్చు. గుర్తించడం ఆలస్యమైతే మాత్రం జ్ఞాపకశక్తికి శాశ్వత నష్టం.

మూడోది కొత్త మూలుగ కుదురుకున్న దశ. ఇంటికి పంపేది ఇప్పుడే. మన అరుగు మీది మనిషి ఉన్నదీ ఇక్కడే.

మట్టిలో పుట్టిన మందులు

దాత కణాలతోపాటు దాత రోగనిరోధకశక్తీ వస్తుంది. అది కొత్త ఒంటిని పరాయిదనుకుని దాడి చేస్తుంది. చర్మం, పేగులు, కాలేయం దెబ్బతింటాయి. దీన్ని ఆపడానికే సైక్లోస్పోరిన్ లేదా టాక్రోలిమస్ ఇస్తారు. ఈ రెండూ మట్టి ఇచ్చిన వరాలే. సైక్లోస్పోరిన్‌ను నార్వే పీఠభూమి మట్టిలో దొరికిన శిలీంధ్రం నుంచి తీశారు. టాక్రోలిమస్‌ను 1984లో జపాన్‌లోని సుకుబా మట్టిలోని సూక్ష్మజీవి నుంచి కనుగొన్నారు. అవి లేకపోతే ఇవాళ్టి అవయవ మార్పిడులే లేవు.

అయితే వాటి మోతాదు కత్తి మీద సాము. తగ్గితే దాత కణాల దాడి, పెరిగితే మూత్రపిండాలకూ నరాలకూ దెబ్బ. చేతులు సన్నగా వణకడం చాలామందిలో కనిపించే మొదటి గుర్తు. చాలాసార్లు అది ప్రమాదం కాదు. మోతాదు సరిచేస్తే తగ్గిపోతుంది. రక్తంలో మెగ్నీషియం పడిపోయినా వణుకు పెరుగుతుంది. అదీ సరిదిద్దగలిగిందే.

వణుకుకు తలనొప్పి, బీపీ పెరగడం, చూపు మసకబారడం తోడైతే సంగతి వేరు. మెదడు వెనకభాగంలో రక్తనాళాల పట్టు సడలి నీరు చేరుతోందని దానర్థం. చూపుకు సంబంధించిన కేంద్రం అక్కడే ఉంటుంది. అందుకే కళ్లు బాగానే ఉన్నా కనిపించదు. ఆ తర్వాత మెట్టు ఫిట్స్. 1996లో అమెరికా వైద్యులు కొందరు పదిహేనుమంది రోగుల్లో ఈ మార్పుల్ని ఎంఆర్‌ఐలో గమనించి వివరంగా రాశారు. వైద్యులు క్లుప్తంగా 'ప్రెస్' అంటారు. ఆ పేరులోనే 'తిరిగి మామూలయ్యేది' అన్న మాట ఉంది. బీపీ అదుపుచేసి, ఫిట్స్ ఆపి, కారణమైన మందును తగ్గిస్తేనో మారిస్తేనో ఎక్కువమంది కొద్దిరోజుల నుంచి కొన్ని వారాల్లో కోలుకుంటారు. ఎటొచ్చీ ఆలస్యం చేస్తేనే, లోపల రక్తస్రావమైతేనే నష్టం నిలిచిపోతుంది.

మరి మూడు నెలలు బాగున్న మనిషికి హఠాత్తుగా ఎందుకొచ్చింది? దగ్గుకు వాడిన మాత్రల్ని అనుమానించాలి. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు, ఫ్లుకొనజోల్ లాంటి బూజు మందులు ఒంట్లో సైక్లోస్పోరిన్ కరగకుండా అడ్డుపడతాయి. రోజూ వేసుకునే అదే మాత్ర రెండింతలు వేసుకున్నట్లవుతుంది. ఒళ్లునొప్పులకు వాడే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు మూత్రపిండాల మీద భారం పెంచుతాయి. తప్పు మందుల షాపు అబ్బాయిదో కొడుకుదో కాదు. 'ఈ మనిషికి ఆసుపత్రికి ఫోన్ చేయకుండా ఏ మాత్రా ఇవ్వకూడదు' అన్న ఒక్కముక్క ఇంట్లో అందరికీ తెలియకపోవడమే.

ఇంకో చిన్న సంగతీ చాలామందికి తెలియదు. మందు రక్తంలో ఎంత ఉందో చూసే పరీక్షకు పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. అలవాటుగా మాత్ర మింగేసి బస్సెక్కితే లెక్క తప్పుతుంది. మాత్ర వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి.

జ్ఞాపకాన్ని దొంగిలించే వైరస్

పసితనంలో మూడురోజులు జ్వరమొచ్చి, తగ్గగానే ఒంటిమీద దద్దుర్లు వస్తుంటాయి. ఎక్కువసార్లు దానికి కారణం హెర్పిస్ జాతికి చెందిన ఆరో నంబరు వైరస్. రెండు మూడేళ్లు నిండేసరికి దాదాపు పిల్లలందరికీ సోకుతుంది. తర్వాత జీవితమంతా ఒంట్లో నిద్రపోతుంది. మూలుగ మార్పిడి తర్వాత కాపలా లేనప్పుడు కొందరిలో నిద్రలేస్తుంది. సాధారణంగా రెండు నుంచి ఆరు వారాల మధ్య. అది మెదడులో జ్ఞాపకాలను పదిలపరిచే చోటును పట్టుకుంటుంది.

రోగికి తన పేరు తెలుసు. పెళ్లాం పిల్లలు తెలుసు. పదిహేనేళ్లనాటి తుపాను తెలుసు. కానీ పొద్దున ఇడ్లీ తిన్నాడో లేదో తెలియదు. అడిగిందే అడుగుతాడు. 'జబ్బుతో విసిగిపోయాడు, పరధ్యానం' అని సరిపెట్టుకుంటే అమూల్యమైన సమయం పోతుంది. వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తే వైరస్ తెలుస్తుంది. వైరస్‌ను అణచే ఇంజెక్షన్లు ఎంత త్వరగా మొదలుపెడితే జ్ఞాపకశక్తి దక్కే అవకాశం అంత ఎక్కువ.

పిల్లుల విసర్జనతో, సరిగా ఉడకని మాంసంతో సోకే టాక్సోప్లాస్మా, ఊపిరితిత్తుల నుంచి పాకే ఆస్పర్‌జిల్లస్ బూజు, మనదేశంలో ఎప్పుడూ పొంచి ఉండే క్షయ... ఇవన్నీ కూడా మెదడులో గడ్డలు కట్టగలవు. ఒక చెయ్యో కాలో బలహీనపడటం, జ్వరం, వదలని తలనొప్పి వీటి గుర్తులు. ఆసుపత్రివాళ్లు నెలల తరబడి వాడమని ఇచ్చే సల్ఫా మాత్రలు, బూజు మందులు ఇందుకే. బాగానే ఉంది కదా అని మధ్యలో మానేయకూడదు.

భీమవరం బిడ్డ ఇచ్చిన మందు

ఈ కథలో తెలుగువాడి పాత్రా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేస్తూ ఫోలిక్ ఆమ్లం మీద పరిశోధనలు నడిపించారు. దాన్ని అడ్డుకునే మందులు ఆయన బృందం నుంచే వచ్చాయి. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకదాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. పిల్లల్లో రక్తక్యాన్సర్ తాత్కాలికంగానైనా మందుకు లొంగుతుందని లోకం చూసింది అప్పుడే. అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశారు.

ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుకలో ఉంది. మూలుగ మార్పిడి తర్వాత దాత కణాల దాడిని తగ్గించడానికి మొదటి పదకొండు రోజుల్లో చిన్న మోతాదుల్లో ఇస్తారు. క్యాన్సర్ కణాలు మెదడులో దాక్కోకుండా కొందరికి వెన్నులోకి ఎక్కిస్తారు. వెన్నులోకి ఎక్కించినప్పుడు కొద్దిమందిలో కొన్నిరోజుల తర్వాత హఠాత్తుగా మాట పడిపోవడం, ఒకవైపు చచ్చుబడటం జరుగుతుంది. పక్షవాతమని ఇల్లంతా గొల్లుమంటుంది. చాలామందిలో అది రోజుల్లోనే తగ్గిపోతుంది. రేడియేషన్ కూడా తీసుకున్నవారిలో మెదడులోని తెల్లపదార్థం నెమ్మదిగా దెబ్బతినే ముప్పు మాత్రం ఉంటుంది. ప్రాణంపోసే మందే జాగ్రత్త కోరుతుంది. మార్పిడి చికిత్స మొత్తాన్నీ ఈ ఒక్క మాటలో చెప్పొచ్చు.

ఇసుక కాలుతున్నా తెలియదు

మెదడే కాదు, నరాలూ కండరాలూ మాట్లాడతాయి. మైలోమాకు వాడే బోర్టెజోమిబ్, థాలిడోమైడ్, లుకేమియాలో వాడే విన్‌క్రిస్టిన్ కాళ్లూచేతుల చివర నరాలను తాకుతాయి. తిమ్మిర్లు, మంటలు. కాలి చెప్పు జారిపోయినా తెలియదు. సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఇదో పెద్ద చిక్కు. మధ్యాహ్నం కాలే ఇసుకలో చెప్పుల్లేకుండా నడిస్తే బొబ్బలెక్కాకగానీ తెలియదు. ఆలిచిప్ప గుచ్చుకున్నా అంతే. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవడం ఒక్కటే మందు.

స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడితే తొడల కండరాలు కరుగుతాయి. కింద కూర్చున్న మనిషి చెయ్యి ఊతం లేకుండా లేవలేడు, మెట్లెక్కలేడు, పడవ అంచు దాటలేడు. అవే స్టెరాయిడ్లు కొందరికి నిద్ర పోగొడతాయి. అతిగా మాట్లాడిస్తాయి, అనుమానాలు పుట్టిస్తాయి. దాన్ని పిచ్చి అనుకోకూడదు. అలాగని మాత్రలు ఒక్కసారిగా ఆపేయకూడదు. వైద్యులు మెల్లగా తగ్గిస్తారు. దాత కణాల దాడి నెలలూ ఏళ్లూ సాగినవారిలో అరుదుగా కండరాల వాపు, కనురెప్పలు వాలిపోవడం, కాళ్ల నుంచి పైకి పాకే బలహీనత కూడా వస్తాయి. వీటికి చికిత్సలున్నాయి.

'ముందరిలా లేడు'

ఫిట్స్ లేవు. వైరస్ లేదు. ఎంఆర్‌ఐ బాగుంది. అయినా మనిషి ముందరిలా లేడు. బజారుకెళితే రెండు సరుకులు మర్చిపోతాడు. పదిమంది మాట్లాడుతుంటే తట్టుకోలేడు. డబ్బు లెక్కపెట్టడానికి ఆలస్యమవుతుంది. దీన్ని 'కీమో బ్రెయిన్' అంటారు. డొనాల్ థామస్ పనిచేసిన సియాటెల్‌లోనే పరిశోధకులు మార్పిడి జరిగినవారిని అయిదేళ్లు గమనించి 2011లో ఫలితాలు ప్రచురించారు. మూడు నెలల దగ్గర పడిపోయిన తెలివితేటల పరీక్షల మార్కులు ఏడాదికి చాలావరకు పుంజుకున్నాయి. ఏడాది నుంచి అయిదేళ్ల మధ్య కూడా మెరుగుదల ఆగలేదు. చేతివేళ్ల చురుకుదనం, మాటల్ని గుర్తుపెట్టుకోవడం మాత్రం కొందరిలో వెనకబడే ఉన్నాయి.

వల అల్లేవాడికి వేళ్ల చురుకుదనం అంటే బతుకుతెరువే. తొలి ఏడాది 'ఇక పనికిరాను' అని నిర్ణయించేసుకోవడం తొందరపాటు. పని మెల్లగా మొదలుపెట్టాలి. ఒకసారి ఒక్క పనే. రాసిపెట్టుకోవడం, నడక, వేళకు నిద్ర... ఇవే సాధనాలు. మార్పిడి తర్వాత మళ్లీ మామూలు జీవితంలోకి వచ్చినవాళ్లు ఎందరో. 'టక్కరిదొంగ'లో మహేశ్‌బాబు పక్కన నటించిన లీసారే మల్టిపుల్ మైలోమాకు మూలకణాల మార్పిడి చేయించుకున్నారు. ఆ తర్వాతా నటించారు, కవలపిల్లలకు తల్లయ్యారు, తన అనుభవాలను పుస్తకంగా రాశారు.

రోజుకో వాక్యం

మెదడు తడబడుతోందని అందరికన్నా ముందు తెలిసేదెలా? కార్-టి అనే కొత్త చికిత్స నుంచి ఒక మంచి కిటుకు నేర్చుకోవచ్చు. రోగి తెల్లకణాలనే తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా మార్చి తిరిగి ఎక్కించే చికిత్స అది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కృషితో రూపొందిన దేశీయ కార్-టి చికిత్సకు 2023లో అనుమతి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దాన్ని ఆవిష్కరించారు. అందులోనూ మెదడుకు వాపు వచ్చే ముప్పుంది. అందుకే నర్సులు రోజూ పది మార్కుల పరీక్ష పెడతారు. ఏ ఏడాది, ఏ నెల, ఏ ఊరు? ఈ వస్తువులేమిటి? చెప్పిన పని చేస్తున్నాడా? నూరు నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టగలడా? చివరగా, ఒక వాక్యం రాయించి చూస్తారు. నిన్న గుండ్రంగా రాసిన చేతిరాత ఇవాళ గీతలుగా మారితే యంత్రాలకన్నా ముందు ఆ కాగితమే చెబుతుంది.

మూలుగ మార్పిడి తర్వాత ఇంటి దగ్గరా ఈ పద్ధతి పాటించొచ్చు. ఓ నోటుపుస్తకం. రోజూ పొద్దున ఒక వాక్యం, బీపీ, జ్వరం, వేసుకున్న మందులు. రాయడం రానివాళ్లయితే? చేపల పేర్లు చెప్పమనండి. వంజరం, చందువ, పండుగప్ప, మాగ, కానాగంత, బొమ్మిడాయి... సముద్రం మీద బతికిన మనిషి గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. నిన్న పదిహేను చెప్పినవాడు ఇవాళ నాలుగు దగ్గర ఆగిపోతే ఆసుపత్రికి ఫోన్ చేయాల్సిందే.

భాష సంగతీ మరవొద్దు. చెన్నైలోనో వేలూరులోనో వార్డులో తమిళంలోనో ఇంగ్లిషులోనో అడిగితే, ఒకట్రెండు మాటలే వచ్చిన రోగి తెల్లబోయి చూస్తాడు. అది తికమకో, భాష రాకపోవడమో కొత్త డాక్టరుకు తెలియదు. పక్కనున్న మనిషే తెలుగులో అడిగించి, 'మామూలుగా ఇలా ఉండడు' అనో 'ఆయన మాటతీరే అంత' అనో చెప్పాలి. ఏ ఎంఆర్‌ఐ కూడా చెప్పలేని సంగతి అది.

పులుసు ఏ పూటకాపూటే

నెల్లూరు చేపల పులుసు రుచి మర్నాటికే తేలుతుందంటారు. మూలుగ మార్పిడి జరిగిన మనిషికి మాత్రం ఆ రుచి కొన్నాళ్లు వాయిదా. పులుసు వేడివేడిగా అప్పటికప్పుడు వండిందే తినాలి. రాత్రి మిగిలింది వద్దు. ఎండు చేపలు, సగం ఉడికిన రొయ్యలు, రోడ్డు పక్కన కోసిన పండ్లు వద్దు. ద్రాక్షపండు జాతి నిమ్మ, అంటే గ్రేప్‌ఫ్రూట్ సైక్లోస్పోరిన్ మోతాదును పెంచుతుంది. దాని చుట్టమైన పంపరపనసకూ దూరంగా ఉండటమే మేలు. సైక్లోస్పోరిన్‌తో రక్తంలో పొటాషియం పెరగొచ్చు కాబట్టి కొబ్బరినీళ్లు తాగొచ్చో లేదో కూడా డాక్టర్నే అడగాలి.

పెన్నా కింద వరికోతలయ్యాక గడ్డివాముల దగ్గర, తడిసిన ఎండుగడ్డిలో ఆస్పర్‌జిల్లస్ బూజు బాగా పెరుగుతుంది. అటువైపు వెళ్లకూడదు. కార్తీకంలో తుపాను వానలకు గోడలు చెమ్మగిల్లి నల్లబూజు పడితే రోగిని ఆ గదిలోంచి ముందు మార్చాలి. బూజు దులిపేది అతనక్కడ లేనప్పుడే. వానలప్పుడు రోడ్లు తెగొచ్చు కాబట్టి మందులు కనీసం రెండు వారాలకు సరిపడా ఇంట్లో ఉండాలి. రొయ్యల చెరువు నీళ్లలో దిగడం, వలల దగ్గర తిరిగే పిల్లుల్ని చేరదీయడం కొన్నాళ్లు మానాలి.

ఈ గుర్తులుంటే... ఆ రోజే!

* తలనొప్పితోపాటు చూపు మసకబారడం, బీపీ పెరగడం
* ఫిట్స్ ఒక్కసారి వచ్చినా, ఆగిపోయినా సరే
* అడిగిందే అడగడం, మగత, ఉన్నట్టుండి ప్రవర్తన మారడం
* మాట తడబాటు, మూతి వంకర, ఒకవైపు బలహీనత
* జ్వరంతో మెడ పట్టేయడం
* తలకు దెబ్బ తగలడం... పైకి గాయం కనిపించకపోయినా
* వణుకు కొత్తగా రావడం, ఉన్నది ఎక్కువవడం

చివరి గుర్తు ఒక్కటే ఉంటే ఆరోజే ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. మిగతావాటిలో ఏది కనిపించినా 108కు ఫోన్ చేసి, ముందు నెల్లూరులో పెద్దాసుపత్రికి చేరాలి. చెన్నైదాకా తీసుకెళ్లేలోపు ఫిట్స్ ఆపడం, బీపీ చూడటం, తలకు సీటీ తీయించడం ఇక్కడే జరగాలి. దారిలో ఉండగానే మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి, ఇద్దరు డాక్టర్లను మాట్లాడించాలి. ఫిట్స్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. తాళాలగుత్తి చేతిలో పెట్టడం లాంటివి వద్దు. డిశ్చార్జి కాగితాలు, మందుల పట్టీ, ఫోన్ నంబర్లు ఒకే సంచిలో తలుపు దగ్గర తగిలించి ఉంచుకుంటే వెతుకులాట ఉండదు.

కాఫీ తొణికిన పొద్దున...

మళ్లీ ఆ అరుగు దగ్గరికే వెళదాం. అదే పొద్దున. అదే గ్లాసు. కాఫీ తొణికింది.

ఈసారి భార్య నీరసమని సరిపెట్టుకోలేదు. తలుపు దగ్గరి సంచిలోంచి పుస్తకం తీసింది. నిన్నటి వాక్యం పక్కన ఇవాళ్టి వాక్యం వంకర్లు పోయి ఉంది. బీపీ ఎక్కువుంది. ఆసుపత్రి నంబరుకు ఫోన్ చేసింది. దగ్గు మాత్రల పేరు చదివి వినిపించింది. ''ఆ మాత్రలు ఆపండమ్మా, ఇప్పుడే బయల్దేరండి'' అన్నారు అవతలివాళ్లు. మధ్యాహ్నానికల్లా రక్తపరీక్ష అయింది. మోతాదు తగ్గించారు. బీపీకి మందిచ్చారు. ఫిట్స్ రానేలేదు.

మార్పిడిలో పెద్ద పనులన్నీ ఆసుపత్రి చేస్తుంది. కణాలు వెతికి, ఎక్కించి, కాపాడి ఇంటికి పంపుతుంది. మిగిలేది ఓ చిన్న పని. రోజూ పొద్దున ఆ మనిషి చేతివైపు, మాటవైపు ఓసారి చూడటం. అది చేయగలిగింది ఇంట్లోవాళ్లే.